వానల్లో పిల్లలు, పెద్దావిడతో రైలు దిగి బస్సెక్కాలి: ఆఖరి బస్సు నుంచి వెనక్కి లెక్కేసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు, మీవారు, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, డెబ్భై ఏళ్ళ మీ అత్తగారు. ఐదు గంటలు రైల్లో వెళ్ళి జంక్షన్‌లో దిగాలి, అక్కణ్ణుంచి పల్లెదారుల్లో రెండున్నర గంటలు బస్సు. వానలు జోరుగా ఉన్నాయి. "ఇంత వానలో రైలూ బస్సూ ఏమిటి, కారు మాట్లాడుకోండి" అని ఇంట్లో అంటున్నారు. వెళ్ళొచ్చా, వెళ్తే ఎలా ప్లాన్ చేసుకోవాలి అని అడిగారు.

వెళ్ళొచ్చమ్మా. పిల్లలున్నా, పెద్దావిడ ఉన్నా వెళ్ళొచ్చు. కాకపోతే ఒక్క పని చేయాలి. ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలన్నది ఆఖర్న తేల్చండి. ముందు మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. మీరు ఎక్కాలనుకునే బస్సు తర్వాత ఆ రోజుకి ఇంకా రెండు బస్సులుండాలి. కనీసం ఒక్కటైనా ఉండాలి. ఆఖరి బస్సునే నమ్ముకుని రైలెక్కొద్దు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను ఇరవై ఆరేళ్ళు స్టేషన్ మాస్టరుగా చేశాను. అందులో పదకొండేళ్ళు ఒక చిన్న జంక్షన్‌లోనే గడిచాయి. అక్కడ రైలు దిగేవాళ్ళలో సగం మంది బయట బస్సెక్కి లోపలి ఊళ్ళకు పోయేవాళ్ళే. వానాకాలం రాత్రిళ్ళు వెయిటింగ్ హాల్లో చిక్కుపడిపోయిన కుటుంబాలను చాలా చూశాను. వాళ్ళతో మాట్లాడితే రైల్లో కష్టపడ్డామన్నవాళ్ళు తక్కువ. రైలు దిగి బస్సెక్కే లోపు ఉండే ఆ గంటలోనే అన్నీ తారుమారయ్యేవి. తడిసిపోవడం, బస్సు వెళ్ళిపోవడం, ఏం చేయాలో తోచక భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు కేకలేసుకోవడం, అది చూసి పిల్లలు ఏడవడం. కాబట్టి నా సమాధానంలో ఎక్కువ భాగం ఆ గంట గురించే.

రైలు లేటవుతుందనే అనుకుని లెక్కేయండి

పట్టాల మీద పోయే బండికి వానతో ఏం పని అంటారు చాలామంది. చాలా ఉంది. జోరువానలో డ్రైవరుకి సిగ్నల్ దూరం నుంచి కనపడదు. తడిసిన పట్టా మీద చక్రానికి పట్టు తగ్గుతుంది, బ్రేకు వేశాక ఆగడానికి ఎక్కువ దూరం కావాలి. ఇంజన్లకు ఇసుక పెట్టెలు పెట్టేది అందుకే. చక్రం జారుతుంటే దాని ముందు పట్టా మీద ఇసుక పడేలా చేస్తారు. ఇవన్నీ పైపై సంగతులు. అసలు భయం పట్టాల కింద ఉంటుంది. నాలుగు రోజులు ముసురు పడితే కట్ట నాని మెత్తబడుతుంది. గట్టును తొలిచి లైను వేసిన చోట పక్కనున్న మట్టి, రాళ్ళు జారి పట్టాల మీద పడతాయి. వంతెనల స్తంభాల మీద ప్రమాద మట్టం గుర్తు ఉంటుంది, నీళ్ళు ఆ గుర్తు దాకా వస్తే బండ్లు ఆపేస్తారు. అనుమానం ఉన్న చోటల్లా డ్రైవరు చేతికి కాషన్ ఆర్డరు ఇస్తాం. ఫలానా కిలోమీటరు నుంచి ఫలానా కిలోమీటరు వరకు ఇంతకు మించి వేగం వద్దని అందులో ఉంటుంది.

కొంకణ్ రైల్వే ఏటా వానాకాలానికని నెమ్మది వేగాలతో వేరే టైమ్‌టేబులే పెట్టుకుంటుంది. జపాన్‌లో లైను పొడుగునా వర్షమాపకాలు పెట్టారు. గంటలో ఎంత పడింది, మొత్తం ఎంత పడింది అని చూసి, హద్దు దాటితే ముందు వేగం తగ్గిస్తారు, తర్వాత పూర్తిగా ఆపేస్తారు. 2020 ఆగస్టు 12న స్కాట్లాండ్‌లో కార్‌మాంట్ దగ్గర భారీ వానకి కొట్టుకొచ్చిన కంకర పట్టాల మీద పేరుకుని రైలు పట్టాలు తప్పింది, ముగ్గురు చనిపోయారు. పొలాల మధ్య మీ రైలు అరగంట ఆగిపోతే విసుగొస్తుంది, నిజమే. ముందు ఎక్కడో ఒక మనిషి వానలో టార్చిలైటు పట్టుకుని పట్టాల వెంట నడిచి చూస్తున్నాడని పిల్లలకు చెప్పండి. నేను అలాంటివాళ్ళతో కలిసి పనిచేశాను. మోకాళ్ళ దాకా బురదతో వచ్చి "లైను బానే ఉంది సార్" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం ఎన్నోసార్లు బండి ఆపి ఎదురుచూశాను.

ఇంకో సంగతి. సింగిల్ లైను, అంటే రానూ పోనూ ఒకే లైను అయితే లేటు పెరుగుతూ పోతుంది. మీ బండి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తే క్రాసింగ్ తప్పుతుంది. ఎదురు బండిని ముందు వదిలి, మీ బండిని ఏదో చిన్న స్టేషన్‌లో పక్క లైనులో నిలబెడతారు. ఇరవై నిమిషాలు కాస్తా ముప్పావు గంట అవుతుంది. నేను చూసినంతలో, మామూలు వానకి ఐదు గంటల ప్రయాణం ఒక గంట దాకా లేటవుతుంది. కుండపోత అయితే రెండు మూడు గంటలు.

ఇప్పుడు లెక్క. మీరు బస్సు టైములు రాయలేదు కాబట్టి ఉదాహరణకి చెప్తాను. ఆఖరి బస్సు సాయంత్రం ఆరున్నరకి, దాని ముందుది ఐదింటికి, ఆ ముందుది మూడున్నరకి అనుకోండి. మీరు గురి పెట్టాల్సింది మూడున్నర బస్సుకి. దానికి గంటన్నర ముందు, అంటే రెండింటికి జంక్షన్‌లో దిగాలి. కాబట్టి పొద్దున తొమ్మిదింటి రైలు. అది గంట లేటైనా మూడున్నర బస్సు అందుతుంది. రెండున్నర గంటలు లేటైనా ఐదింటి బస్సు అందుతుంది. అదే "పిల్లలు తీరిగ్గా లేస్తారు, పదకొండింటి రైలుకి పోదాం" అనుకుంటే, టైమ్‌టేబుల్ ప్రకారం నాలుగింటికి దిగి ఐదింటి బస్సెక్కొచ్చు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రైలు గంట లేటైతే చాలు, మీ చేతిలో ఆఖరి బస్సు తప్ప ఇంకేమీ మిగలదు. వాగు పొంగిన రోజు ముందు ఆగిపోయేది కూడా ఆ బస్సే.

పొద్దుటి రైలుకి ఇంకో లాభం ఉంది. ఉరుముల వానలు ఎక్కువగా నేల వేడెక్కాక, మధ్యాహ్నం దాటాకే మొదలవుతాయి. అప్పటికి మీరు సగం దారి దాటేసి ఉంటారు.

ఎక్కడ ఆగిపోవాలో ఇంట్లోనే అనుకోండి

ఇది చాలామంది చేయని పని. "రైలు ఐదున్నర దాటాక చేరితే బస్సు జోలికి పోవద్దు, జంక్షన్‌లోనే రాత్రికి ఉండిపోదాం" అని మీరూ మీవారూ ముందు రోజే ఒక మాట అనుకోండి. ఆ టైము కాగితం మీద రాసుకోండి. రాత్రి ఉండటానికి స్టేషన్‌కి దగ్గర్లో ఏముందో రెండు చోట్ల నంబర్లు కూడా ఆ కాగితం మీదే రాసుకోండి. ఊళ్ళో మీకోసం ఎదురుచూసేవాళ్ళకి కూడా "ఆలస్యమైతే రేపు పొద్దున వస్తాం, కంగారు పడకండి" అని ముందే చెప్పండి.

ఎందుకంటే ప్లాట్‌ఫారం మీద, చీకటి పడుతుంటే, పాప నిద్రకి ఏడుస్తుంటే ఎవరికీ సరైన ఆలోచన రాదు. "ఎలాగో వెళ్ళిపోదాం" అనే అనిపిస్తుంది. ఒకసారి ఒకాయన భార్యనీ మూడేళ్ళ బాబునీ తీసుకుని ఆఖరి బస్సు కోసం పరిగెత్తాడు. మర్నాడు పొద్దున నా డ్యూటీ దిగే టైముకి మళ్ళీ స్టేషన్‌లో కనిపించారు. బస్సు పన్నెండు కిలోమీటర్లు పోయి వాగు దగ్గర ఆగిపోయిందట. వెనక్కి వద్దామంటే వెనకాల రోడ్డు మీద చెట్టు పడింది. రాత్రంతా బస్సులోనే. బాబుకి ఒళ్ళు కాలిపోతోంది. మా పోర్టరు వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు, రెండ్రోజులకి తగ్గింది. ఆ తండ్రి మొహం నాకింకా గుర్తుంది. "ఇక్కడే ఉండిపోదామని మా ఆవిడ అంది సార్" అని మూడు సార్లు అన్నాడు.

ఆ గంట

రైలు దిగాక ఏమేం చేయాలో వరసగా చెప్తాను, ఎందుకంటే వరసే ముఖ్యం.

దిగడానికి అరగంట ముందే అందరూ బాత్రూముకి వెళ్ళొచ్చేయాలి. చలికి పిల్లలకు మాటిమాటికీ వస్తుంది. జంక్షన్‌లో దిగాక వెతుక్కుంటే పావుగంట పోతుంది, పల్లె బస్సులో ఆ సౌకర్యం ఉండదు. పెద్దావిడని కాస్త ముందే లేపి, రైలు నెమ్మదిగా ఉన్నప్పుడు మీరు చేయి పట్టుకుని తీసుకెళ్ళండి.

దిగగానే అందరూ కలిసి బయటికి పరిగెత్తొద్దు. మీవారొక్కరే గొడుగు వేసుకుని బస్టాండుకి వెళ్ళి బస్సు సంగతి కనుక్కుని రావాలి. మిగతా నలుగురూ షెడ్డు కింద, గాలి తగలని గోడ పక్కన కూర్చోవాలి. అడగాల్సినవి రెండే ప్రశ్నలు: "ఇంతకు ముందు ట్రిప్పు బస్సు వెళ్ళొచ్చిందా?", "దారిలో వాగు ఎలా ఉంది?" బస్సు ఎన్నింటికని అడిగితే బోర్డు మీదున్న టైము చెప్తారు. ముందు ట్రిప్పు తిరిగొచ్చిందా అని అడిగితే దారి నిజంగా తెరిచి ఉందో లేదో తెలుస్తుంది. అవతలి నుంచి అప్పుడే వచ్చిన బస్సు కండక్టరు దొరికితే ఆయన్నే అడగండి, కళ్ళారా చూసి వచ్చిన మనిషి.

ఈలోపు మీరు చేయాల్సింది తడి ఆరబెట్టడం. ఇది నాకు ఒకావిడ దగ్గర తెలిసింది. జోరువానలో ఇద్దరు ఆడపిల్లలతో దిగారామె. మూడో ప్లాట్‌ఫారం చివర షెడ్డు లేదు, అక్కణ్ణుంచి నడిచొచ్చేసరికి ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. నా గది ఎదురుగా సిమెంటు బెంచీ మీద పిల్లల్ని కూర్చోబెట్టి, బూట్లు విప్పి నీళ్ళు వంపేశారు. మేజోళ్ళు పిండి ఒక కవర్లో వేశారు. చేతిసంచీలోంచి చిన్న నూలు తువ్వాలు తీసి, ముందు తల కాదు, పాదాలు తుడిచారు. వేళ్ళ సందుల్లో కూడా. పొడి మేజోళ్ళు తొడిగారు. బూట్లు ఇంకా తడిగానే ఉన్నాయి కదా, ఆ పొడి మేజోళ్ళ మీద ఒక్కో కాలికి ఒక్కో పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, అప్పుడు బూట్లలో కాళ్ళు పెట్టించారు. చిన్నపిల్ల వణుకు నా కళ్ళముందే తగ్గిపోయింది. పది నిమిషాల్లో ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి నా గదిలో ఫోన్లు లెక్కపెడుతున్నారు. ఆ తర్వాత మా పిల్లలతో ప్రయాణమంటే నేనూ అదే చేశాను.

తడి బట్టలతో ఉంచకూడదనడానికి కారణం ఉంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. పిల్లల ఒళ్ళు చిన్నది, బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకే పెద్దవాళ్ళకంటే త్వరగా చల్లబడిపోతారు. ముసలివాళ్ళకి చలి వేస్తున్నట్టు తెలిసేదే ఆలస్యంగా. అత్తగారు "నాకేం పర్లేదు" అన్నా ఆవిడ భుజాల మీద చేయి వేసి చూడండి, జాకెట్టు తడిగా ఉంటే మార్పించండి.

దీనికోసం ఒక్కొక్కరికి ఒక పొడి జత, మేజోళ్ళు, తువ్వాలు చేతిసంచీలోనే ఉండాలి. పెద్ద బ్యాగులో అడుగున ఉంటే ఆ టైముకి పనికిరాదు. పెద్ద బ్యాగుకి పైన వేసే రెయిన్ కవరు కూడా పూర్తిగా ఆపలేదు. వీపు వైపు నుంచి, జిప్పు కుట్ల లోంచి నీళ్ళు దిగుతాయి. ముందు బట్టల్ని మందపాటి ప్లాస్టిక్ సంచీలో పెట్టి మూతి ముడేసి, ఆ సంచీని బ్యాగులో పెట్టండి. పల్లె బస్సు డిక్కీలో నీళ్ళు నిలవడం మామూలే, అప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ లోపలి సంచీయే. చక్రాల సూట్‌కేసు బురదలో కదలదు. భుజానికి తగిలించుకునేవే తెచ్చుకోండి. ఐదుగురికీ కలిపి మూడు బ్యాగులు మించొద్దు. మీకూ మీవారికీ తలా ఒక చేయి ఖాళీగా ఉండాలి, ఒకటి పాపకి, ఒకటి అత్తగారికి.

పిల్లలకి గొడుగు ఇవ్వకండి, రెయిన్‌కోటు వేయండి. గొడుగు పట్టుకున్న పిల్లలు చేయి ఇవ్వరు, ఎదర ఏముందో చూడరు.

బస్సులో వాంతులు

బాబుకి బస్సు పడదని రాశారు. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లల్లోనే ఇది ఎక్కువ, పెద్దయ్యే కొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. లోపలి చెవి "మనం కదులుతున్నాం, ఊగుతున్నాం" అని చెప్తుంది. కళ్ళు ముందు సీటు వీపునో ఫోనునో చూస్తూ "కదలడం లేదే" అంటాయి. ఈ రెండూ కలవకపోవడమే వికారానికి కారణం. ఏ మందు కన్నా ముందు, కళ్ళు దూరంగా ఉన్న కదలని వస్తువును చూడాలి.

వానలో ఇదే కష్టమవుతుంది. కిటికీలన్నీ మూసేస్తారు, అందరి ఊపిరికీ అద్దాలు మసకబారిపోతాయి. బయట పొలం గట్టు, కొండ, దూరంగా ఉన్న చెట్టు ఏదీ కనపడదు. లోపల గాలాడదు, తడి బట్టల వాసన. మామూలు రోజుల్లో బస్సు పడేవాళ్ళకి కూడా ఆ రోజు తిప్పుతుంది. అందుకని బాబు చేతికి ఒక పాత గుడ్డ ఇచ్చి, అద్దం తుడుస్తూ ఉండే పని వాడిది అని చెప్పండి. పదేళ్ళ వాడికి పని ఇస్తే సగం వికారం మర్చిపోతాడు. వాన కాస్త తగ్గినప్పుడల్లా అద్దం నాలుగు వేళ్ళ సందు తీయండి.

సీటు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యలో చూసుకోండి, ముందువైపుకి దగ్గరగా. వెనక చక్రాల తర్వాత ఉండే సీట్లు గుంట పడ్డప్పుడల్లా ఎగిరేస్తాయి, మలుపుల్లో విసురుతాయి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. ఎక్కడానికి గంట ముందు బిస్కెట్లు, అరటిపండు లాంటిది కొంచెం పెడితే చాలు.

డాక్టరు రాసిచ్చిన మాత్ర ఉంటే ఒక జాగ్రత్త. అది ప్రయాణానికి అరగంట నుంచి గంట ముందు వేస్తేనే పని చేస్తుంది, వాంతి మొదలయ్యాక వేస్తే బయటికి వచ్చేస్తుంది. చాలామంది టైమ్‌టేబుల్ చూసి రైల్లోనే వేసేస్తారు. రైలు లేటవుతుంది, బస్సెక్కేసరికి మందు బలం సగం అయిపోతుంది, పిల్లాడు మత్తుగా తూలుతుంటాడు, వాణ్ణి వానలో నడిపించాలి. గడియారం చూసి వేయొద్దు. మీవారు బస్సు ఖాయమని చెప్పాక వేయండి. మీ దగ్గర గంటన్నర ఉండేలా ప్లాన్ చేసింది ఇందుక్కూడా. పిల్లలకి ఏ మాత్ర, ఎంత అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి, పెద్దవాళ్ళ మాత్ర విరిచి వేయకండి.

వాగు మీద నీళ్ళుంటే

బస్సు చప్టా, అంటే వాగుకి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు, దగ్గరికి వచ్చి ఆగిందనుకోండి. రోడ్డు మీద ఎర్రటి నీళ్ళు పారుతుంటాయి. బస్సులో కొందరు "ఇంతేనా, పోనివ్వండి" అంటారు. మీరు మాత్రం ఆ గొంతుల్లో గొంతు కలపకండి. దిగి నడిచి దాటదాం అనే మాట అసలే వద్దు. వేగంగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్ల లోతుంటే చాలు, పెద్దవాళ్ళ కాళ్ళు కూడా తేలిపోతాయి. 30 సెంటీమీటర్లకి చిన్న కార్లు తేలతాయి. 60 సెంటీమీటర్లకి చాలా బండ్లు కొట్టుకుపోతాయి. పైగా అది బురద నీరు, కింద రోడ్డు ఉందో లేదో పైకి తెలియదు.

ఒకసారి నేను సెలవు మీద వెళ్తూ అలాంటి బస్సులోనే ఉన్నాను. డ్రైవరు చిన్నవాడు. అందరూ తిట్టినా కదల్లేదు, ఇంజన్ ఆపి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తెల్లారి నీళ్ళు తగ్గాక చూశాం. చప్టా అవతలి చివర ఎడమవైపు మనిషి నిలువు లోతున రోడ్డే లేదు. అరిచినవాళ్ళంతా వెళ్ళి ఆ అబ్బాయి చేతులు పట్టుకున్నారు.

మీ ఇంట్లోవాళ్ళ కారు మాటకి కూడా నా జవాబు ఇక్కడే ఉంది. అద్దె కారు డ్రైవరుకి ఆ దారి కొత్త. రోజూ తిరిగే బస్సు డ్రైవరుకి ఏ చప్టా ఎంత వానకి మునుగుతుందో తెలుసు, ఎదురొచ్చిన బస్సు కబురు చెప్తుంది. బస్సు ఎత్తుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. కారులో మీరొక్కరే ఉంటారు, బస్సు ఆగితే నలభై మంది తోడుంటారు. అత్తగారు మెట్లెక్కలేని స్థితిలో ఉంటే మాత్రం మాట వేరు. అప్పుడు జంక్షన్ దాకా రైలు, అక్కణ్ణుంచి అక్కడి మనిషి నడిపే కారు పగటిపూట మాట్లాడుకోండి.

పిడుగుల గురించి రెండు ముక్కలు. రైల్లోనూ బస్సులోనూ ఉన్నంతసేపు భయం లేదు. చుట్టూ ఉన్న ఇనప డబ్బా మీదుగా కరెంటు నేలలోకి పోతుంది. ఫారడే అనే శాస్త్రవేత్త 1836లోనే ఇలాంటి పంజరం కట్టి, అందులో తనే కూర్చుని చూపించాడు. భయం బస్సు కోసం నిలబడ్డప్పుడే. ఒంటరి చెట్టు కిందికి పోవద్దు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లు ఒక కిలోమీటరు. ముప్ఫైలోపే ఉరిమితే పిడుగు మీ దాకా వచ్చేంత దగ్గర్లో ఉందన్నమాట, పక్కా కట్టడంలోకి వెళ్ళిపోండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగండి.

అత్తగారి గురించి

ప్రయాణమనగానే పెద్దవాళ్ళు చేసే పని, నీళ్ళు తాగడం మానేయడం. బీపీ మాత్రల్లో కొన్నిటికి మూత్రం ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆ మాత్ర కూడా చెప్పకుండా ఎగ్గొడతారు. మా అమ్మ అలాగే చేసి బస్సు దిగుతూ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ రోజు మాత్ర ఎన్నింటికి వేసుకుంటే బాగుంటుందో వాళ్ళ డాక్టర్ని ముందే అడగండి. నీళ్ళు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి, బాత్రూముకి తీసుకెళ్ళే పూచీ మాది అని ఆవిడకి మాటివ్వండి. మొహమాటమే అసలు జబ్బు.

తడిసిన ఫుట్‌బ్రిడ్జి మెట్లు దిగేటప్పుడు జారడం ఎక్కువ. ఎక్కేటప్పుడు మీరు ఆవిడ వెనక ఉండండి, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు. ఆవిడ చేయి కమ్మీ మీద ఉండాలి, సంచీ మీద కాదు. రబ్బరు చెప్పులు అరిగి ఉంటే ఈ ప్రయాణానికి కొత్తవి కొనండి.

ఫోన్లు పూర్తిగా చార్జింగ్ పెట్టి జిప్పు కవర్లో వేసుకోండి. తడిస్తే బియ్యంలో పెట్టకండి, నలకలు లోపలికి పోతాయి. పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టకుండా ఉంటే చాలు.

వాతావరణ శాఖ ఆ దారి మొత్తానికి అతి భారీ వర్షాల రెడ్ హెచ్చరిక ఇస్తే ఇవేవీ చూడొద్దు, ప్రయాణం వాయిదా వేసేయండి. ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

ఇక పిల్లల సంగతి. ఇంత జాగ్రత్తలు చెప్పానని ఆ రోజంతా టెన్షన్‌గా గడపకండమ్మా. వానలో పల్లెల మీదుగా వెళ్ళే రైలు కిటికీ పిల్లలకి ఇవ్వగలిగిన గొప్ప బహుమతుల్లో ఒకటి. బాబుకి ఒక ఆట చెప్పండి. గాలి లేనప్పుడు పెద్ద చినుకు గంటకి సుమారు 30 కిలోమీటర్ల వేగంతో తిన్నగా కిందికి పడుతుంది. కిటికీలోంచి చూస్తే మన రైలు వేగానికి ఆ గీత ఏటవాలుగా కనపడుతుంది. సరిగ్గా సగానికి వాలి, ఎంత పక్కకో అంత కిందికి కనపడితే రైలు కూడా 30 దగ్గర పోతోందన్నమాట. ఇంకా పడుకున్నట్టు కనపడితే వేగం పెరిగింది. మా అబ్బాయి తొమ్మిదేళ్ళప్పుడు కాషన్ ఆర్డరు ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో దీన్ని బట్టే చెప్పేవాడు.

రైలు ఏదైనా చిన్న స్టేషన్‌లో ఆగినప్పుడు, సన్నగా చినుకులు మొదలవుతుంటే తలుపు దగ్గర మీవారు గట్టిగా పట్టుకుని నిలబడి పాపకి మట్టి వాసన చూపించమనండి. దానికి 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థానిది అందులో పెద్ద భాగం. చినుకు నేలను తాకినప్పుడు లేచే సన్నని బుడగలు ఆ వాసనను గాల్లోకి మోస్తాయని 2015లో వేగమైన కెమెరాలతో తీసి చూపించారు. జోరువానకంటే సన్నటి జల్లుకే ఆ తుంపర ఎక్కువ లేస్తుంది. అందుకే మొదటి చినుకులప్పుడే చూపించాలి.

మీ ఊరికి ఆఖరి మూడు బస్సుల టైములు, దారిలో చప్టాలు ఎన్ని ఉన్నాయో ఊళ్ళోవాళ్ళని అడిగి ఇక్కడ రాయండి. ఏ రైలెక్కితే మంచిదో, ఎన్నింటికి ఆగిపోవాలో మీ లెక్క ప్రకారం చెప్తాను.